పాడ్ పోయినా లాగ్ దొరకాలంటే: క్యూబర్నెటిస్‌లో లాగ్‌ల ఏర్పాటు ఎలా చేయాలి

"అన్నా, రాత్రి పాడ్ పడిపోయింది. పొద్దున చూస్తే లాగ్ లేదు. ఇప్పుడు యాడ దొరుకుతది?"

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఐటీ టవర్లలో పనిచేసేవాళ్లు, ఊర్లోనే ఉండి హైదరాబాద్ కంపెనీలకు కోడ్ రాసేవాళ్లు నన్ను అన్నిటికంటే ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. క్యూబర్నెటిస్ అంటే కంటైనర్లలో పెట్టిన యాప్‌లను చాలా మెషీన్ల మీద నడిపే వ్యవస్థ, పాడ్ అంటే అందులో ఒక యాప్ నడిచే చిన్న గూడు, లాగ్ అంటే యాప్ ఏం చేసిందో రాసుకునే చిట్టా. పాడ్ పోయాక అడిగితే నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆ లాగ్ నిజంగానే పోయింది. పాడ్ పోకముందే చేసుకోవాల్సిన ఏర్పాటు మాత్రం ఉంది. దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఇక్కడ రాస్తున్నాను.

నాకు ఈ పని మీద ఇంత పట్టుదల ఎందుకో చెప్పాలి. మా బృందం మిర్యాలగూడ వైపు రైస్ మిల్లులకు వడ్ల దిగుమతి లెక్కల సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఒక యాసంగి సీజన్‌లో, గేటు బయట లారీలు బారులు తీరి ఉన్న రాత్రి, ఒకే బండి తూకం రెండుసార్లు ఎక్కింది. మేం చూసేసరికి ఆ పాడ్ స్థానంలో కొత్తది వచ్చేసింది. పాత లాగ్ దాంతోపాటే పోయింది. చేతిరాత చీటీలు ముందేసుకుని మూడు రోజులు లెక్క తేల్చాం. ఆ మూడు రోజులూ చెల్లింపు ఆగిపోయి ఒక రైతు మిల్లు చుట్టూ తిరిగాడు. తప్పు మాది. ఆయన పని ఆగింది.

కావలసినవి

- క్యూబర్నెటిస్ క్లస్టర్, అంటే అది నడిచే మెషీన్ల గుంపు. కే3ఎస్ అనే తేలికపాటి రకం అయినా చాలు.
- హెల్మ్ (క్లస్టర్‌లో సాఫ్ట్‌వేర్ పెట్టే పనిముట్టు), క్లస్టర్ మీద అడ్మిన్ హక్కులు.
- ఫ్లూయెంట్ బిట్: ప్రతి నోడ్ (క్లస్టర్‌లోని ఒక మెషీన్) మీద కూర్చుని లాగ్‌లను పోగుచేసి పంపుతుంది.
- లోకి: వచ్చిన లాగ్‌లను దాస్తుంది. గ్రఫానా: దాచినవాటిలో వెతకడానికి.
- ఒక ఆబ్జెక్ట్ స్టోరేజ్ బకెట్, అంటే క్లౌడ్‌లో ఫైళ్లు దాచుకునే చోటు. ముంబై రీజియన్‌లోనో హైదరాబాద్ రీజియన్‌లోనో తీసుకోండి. కారణం ఆరో మెట్టులో ఉంది.
- యాప్ కోడ్ రాసేవాళ్ల ఒక పూట సమయం. ఇది లేకుండా మిగతావన్నీ పెట్టినా ఉపయోగం తక్కువ.

పాత పాఠాల్లో ఫ్లూయెంట్ బిట్ బదులు ప్రామ్‌టెయిల్ కనిపిస్తుంది. గ్రఫానా వాళ్లే దాన్ని పక్కన పెట్టి ఆలాయ్‌కి మారమంటున్నారు కాబట్టి కొత్తగా ప్రామ్‌టెయిల్ పెట్టకండి, ఆలాయ్ పెట్టుకుంటే మంచిదే. లాగ్‌లోని ప్రతి మాట మీదా ఇండెక్స్ కావాలనుకుంటే లోకి స్థానంలో ఓపెన్‌సెర్చ్ వాడొచ్చు. మెమరీ మాత్రం బాగా అడుగుతుంది. చిన్న బృందాలకు నేను లోకినే చెప్తాను.

1. ఇప్పుడు లాగ్ ఎక్కడ పోతోందో మీ కళ్లతో చూడండి

కంటైనర్ స్టాండర్డ్ అవుట్‌పుట్‌కు రాసిన ప్రతి లైనూ ఆ నోడ్ డిస్క్ మీద, వార్ డైరెక్టరీలోని లాగ్ ఫోల్డర్‌లో, పాడ్స్ అన్న ఫోల్డర్ కింద ఫైలుగా పడుతుంది. మీరేమీ మార్చకపోతే క్యూబ్‌లెట్ (నోడ్ మీద పాడ్‌లను నడిపే ప్రోగ్రామ్) ఆ ఫైలును 10 ఎంబీ దాటగానే తిప్పుతుంది, అంటే దాన్ని పక్కన పెట్టి కొత్తది మొదలుపెడుతుంది, అట్లాంటివి 5 మాత్రమే ఉంచుతుంది. పాడ్‌ను తీసేస్తే ఆ ఫైళ్లూ పోతాయి.

చాలామంది ఇక్కడ రెండు చోట్ల పొరబడతారు. క్యూబ్‌సీటీఎల్ లాగ్స్ కమాండ్ ఆ అయిదింటిలో తాజా ఫైలునే చూపిస్తుంది. లోడ్ ఎక్కువున్న సర్వీసులో అది పది నిమిషాల సరుకే కావచ్చు. ప్రీవియస్ అన్న ఆప్షన్ అదే పాడ్‌లో కంటైనర్ మళ్లీ లేచినప్పుడే పనికొస్తుంది. డిప్లాయ్‌మెంట్ కొత్త పాడ్‌ను తెచ్చిపెడితే పనికిరాదు.

పైలం: క్యూబర్నెటిస్ ఈవెంట్లు (పాడ్ లేచింది, పడింది లాంటి క్లస్టర్ కబుర్లు) డిఫాల్ట్‌గా ఒక గంటే ఉంటాయి. రాత్రి 2 గంటలకు ఏం జరిగిందో పొద్దున 9కి అడిగితే క్లస్టర్ దగ్గర జవాబు ఉండదు. ఈవెంట్లను కూడా లోకికి పంపండి, ఆలాయ్‌లో దానికి వేరే భాగమే ఉంది.

క్యూబర్నెటిస్ లేకుండా ఒకే వర్చువల్ మెషీన్ మీద డాకర్ నడిపేవాళ్ల ఇబ్బంది దీనికి తలకిందులు. డాకర్ లాగ్ రాసే జేసన్ ఫైల్ డ్రైవర్ డిఫాల్ట్‌గా ఫైలును తిప్పనే తిప్పదు, డిస్క్ నిండేదాకా పెంచుకుంటూ పోతుంది. డీమన్ సెట్టింగ్స్‌లో మాక్స్ సైజ్, మాక్స్ ఫైల్ రెండూ పెట్టండి. ఆ సెట్టింగ్ పాత కంటైనర్లకు అంటదు, వాటిని మళ్లీ సృష్టించాల్సిందే.

2. యాప్ ఒక సంగతికి ఒక్క లైన్ జేసన్ రాయాలి

జేసన్ అంటే పేరు, విలువ జతలుగా రాసే పద్ధతి. ఫైలుకు రాయించకండి, స్టాండర్డ్ అవుట్‌పుట్‌కే రాయించండి. సమయం, స్థాయి (ఎర్రరా, మామూలు సమాచారమా), సర్వీస్ పేరు, సందేశం, ట్రేస్ ఐడీ (ఒకే పనిని అన్ని సర్వీసుల్లో గుర్తుపట్టే నంబర్, నాలుగో మెట్టులో చెప్తాను), వీటితో పాటు మీ వ్యాపారంలో జనం నోట నలిగే నంబర్ ఒకటి ప్రతి లైనులో ఉండాలి. మా మిల్లుల్లో అది గేటు టోకెన్. ఫోన్ చేసే గుమాస్తాకు ట్రేస్ ఐడీ అంటే తెలియదు. "4127 టోకెన్ బండి ఏమైంది సార్" అనే అడుగుతాడు.

పనికిరాని లైన్: తూకం ఫెయిల్ అయింది.

పనికొచ్చే లైన్: తూకం సేవ్ కాలేదు, టోకెన్ 4127, కాంటా 2, ప్రయత్నం 3, కారణం డేటాబేస్ టైమవుట్, ఆగిన సమయం 5 సెకన్లు.

రెండో లైన్ చూసినవాడు కోడ్ తెరవకుండానే సగం పని చేసేస్తాడు.

తరచూ జరిగే తప్పులు:

- పైథాన్‌లో ప్రింట్ చేసినవి బఫర్‌లో ఆగిపోతాయి. పాడ్ చచ్చిపోతే అవీ పోతాయి. పైథాన్ అన్‌బఫర్డ్ అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 ఇవ్వండి.
- జావా స్టాక్ ట్రేస్ నలభై లైన్లుగా విడిపోయి, నలభై వేర్వేరు లాగ్‌లుగా చేరుతుంది. జేసన్ ఎన్‌కోడర్ వాడితే మొత్తం ఒకే లైనులో పడుతుంది. కోడ్ ముట్టుకోలేని పాత యాప్ అయితేనే ఫ్లూయెంట్ బిట్‌లో మల్టీలైన్ పార్సర్ పెట్టండి.
- రిక్వెస్ట్ బాడీ మొత్తాన్ని లాగ్‌లో దింపడం. అందులో రైతు ఆధార్ నంబర్, బ్యాంకు ఖాతా, ఓటీపీ అన్నీ వచ్చేస్తాయి. ఒకసారి లాగ్‌లోకి పోయినదాన్ని అన్ని చోట్ల నుంచి తుడవడం చాలా కష్టం. ఏ ఫీల్డులు రాయాలో జాబితా పెట్టుకుని అవే రాయండి. ఏవి రాయకూడదో జాబితా పెట్టుకుంటే ఏదో ఒకటి తప్పించుకుంటుంది.
- హెల్త్ చెక్ లైన్లు. యాప్ బతికే ఉందా అని అడిగే ప్రోబ్ డిఫాల్ట్‌గా 10 సెకన్లకోసారి తడుతుంది. రెండు ప్రోబ్‌లున్న ఒక్క పాడ్ రోజుకు 17,280 లైన్లు రాస్తుంది. నలభై పాడ్‌లుంటే దాదాపు ఏడు లక్షలు. వాటిని యాప్‌లోనే ఆపేయండి.

3. గడియారం సరిచేయండి

ఐదున్నర గంటల తేడా మన దగ్గర ప్రత్యేకంగా కొట్టే దెబ్బ. యాప్ మన సమయం రాసి, చివర యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) గుర్తు తగిలించిందనుకోండి. లోకికి ఆ లాగ్ ఐదున్నర గంటల తర్వాత జరగబోయేదిగా కనిపిస్తుంది. పది నిమిషాలకు మించి ముందున్న లాగ్‌ను లోకి డిఫాల్ట్‌గా తీసుకోదు. లాగ్ పోయిందని మీరు యాప్‌లో వెతుకుతుంటారు, అది లోకి గుమ్మం దగ్గరే తిరిగిపోయి ఉంటుంది. తేడా రెండో వైపు పడితే, అంటే యూటీసీ సమయానికి మన గుర్తు తగిలితే, లాగ్ చేరుతుంది గానీ ఐదున్నర గంటల వెనక్కి పోయి కూర్చుంటుంది.

అన్నిచోట్లా యూటీసీయే రాయండి, గుర్తుతో సహా. గ్రఫానాలో మాత్రం టైమ్ జోన్ కోల్‌కతా అని పెట్టుకోండి, చూసే కళ్లకు మన సమయమే కనిపిస్తుంది. నోడ్‌లన్నీ ఎన్‌టీపీకి (గడియారాలను సరిచేసే నెట్‌వర్క్ సేవ) కట్టి ఉన్నాయో లేదో కూడా ఒకసారి చూడండి.

4. ఒకే నంబర్ అన్ని సర్వీసులనూ దాటాలి

వడ్ల బండి మిల్లుకు వచ్చినప్పుడు గేటు దగ్గర టోకెన్ ఇస్తారు. తర్వాత నిండు బండి కాంటా, తేమ చూడటం, దిగుమతి, ఖాళీ బండి కాంటా, చివరికి రైతు ఫోన్‌కు మెసేజ్. హమాలీ మేస్త్రీ దగ్గరున్న కాగితం మీదా ఆ టోకెన్ నంబరే ఉంటుంది కాబట్టి ఏ కాగితం పట్టుకున్నా బండి ఎక్కడుందో చెప్పేయొచ్చు. ఒక్క చోట నంబర్ రాయడం మరిచిపోతే అక్కడితో ఆనవాలు తెగిపోతుంది. ట్రేస్ ఐడీ చేసే పని కూడా అంతే, ఇందులో వేరే సిద్ధాంతమేమీ లేదు.

మీ సర్వీసుల్లో ఓపెన్‌టెలిమెట్రీ లైబ్రరీ పెట్టండి. జావా, పైథాన్, నోడ్ జేఎస్‌లకు కోడ్ పెద్దగా మార్చకుండానే పనిచేసే ఏజెంట్లున్నాయి. మొదటి సర్వీస్ 32 అక్షరాల ట్రేస్ ఐడీ పుట్టించి ట్రేస్‌పేరెంట్ అన్న హెడర్‌లో పెడుతుంది, తర్వాతివి దాన్నే అందుకుని ముందుకు పంపుతాయి. ట్రేస్‌లను పోగుచేసే కలెక్టర్‌కు డేటా పోయే పోర్టులు 4317, 4318. మొదటిది జీఆర్‌పీసీ, రెండోది హెచ్‌టీటీపీ. ఈ రెండింటినీ తారుమారు చేసి గంటలు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. ట్రేస్‌లు రావట్లేదంటే ముందు చూడాల్సింది అదే.

ట్రేస్ ఐడీ పుట్టినంత మాత్రాన లాగ్ లైనులోకి దానంతటదే వస్తుందనుకోకండి. లాగింగ్ లైబ్రరీకి చెప్పాలి. జావాలో అయితే ఎండీసీ (లాగింగ్ లైబ్రరీ అలాంటి విలువలు ఉంచుకునే చోటు) నుంచి తీసి ఫార్మాట్‌లో చేర్చాలి.

ఇక ఆనవాలు ఎక్కువగా తెగేది క్యూ దగ్గర, అంటే ఒక సర్వీస్ ఇంకోదానికి పని అప్పగించే వరుస దగ్గర. మా దగ్గర కూడా అక్కడే తెగింది. ఖాళీ తూకం పూర్తయ్యాక మెసేజ్ పంపే పనిని క్యూలో పడేసేవాళ్లం. క్యూ అవతల ఉన్న సర్వీస్ కొత్త ఐడీ పుట్టించుకునేది. రైతుకు మెసేజ్ రెండుసార్లు పోతే, ఏ తూకం నుంచి పోయిందో తెలిసేది కాదు. క్యూలో వేసే ప్రతి సందేశానికీ హెడర్‌గా ట్రేస్‌పేరెంట్, దాంతో పాటు టోకెన్ జతచేయండి. రాత్రిపూట వేళకు తమంతట తాము నడిచే క్రాన్ జాబ్‌లకూ, బయటివాళ్ల సాఫ్ట్‌వేర్ మీకు పంపే వెబ్‌హుక్ కబుర్లకూ ఇదే వర్తిస్తుంది.

అన్ని ట్రేస్‌లూ దాచడం ఖర్చు. తప్పు జరిగినవీ, ఆలస్యమైనవీ అన్నీ ఉంచి, మామూలువాటిలో కొంత భాగం ఉంచేలా కలెక్టర్‌లో టెయిల్ శాంప్లింగ్ పెట్టొచ్చు. లాగ్‌లకు ఇది చేయకండి. ఎర్రర్ లాగ్‌లలో ఒక్కటి కూడా వదలొద్దు.

5. లోకి, ఫ్లూయెంట్ బిట్ పెట్టండి

హెల్మ్ చార్ట్‌తో లోకిని మోనోలిథిక్ (అన్ని భాగాలూ ఒకే ప్రోగ్రామ్‌గా నడిచే) పద్ధతిలో పెట్టండి. నిల్వ ఆబ్జెక్ట్ స్టోరేజ్ బకెట్‌లో ఉండాలి. నోడ్ డిస్క్ మీద పెడితే నోడ్‌తో పాటే అన్నీ పోతాయి. ఒకే బృందమైతే ఆథ్ ఎనేబుల్డ్‌ను ఫాల్స్ చేయండి. ట్రూగా వదిలేస్తే ఆర్గ్ ఐడీ లేదన్న 401 ఎర్రర్ వస్తుంది, మొదటిసారి పెట్టేవాళ్లకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

ఫ్లూయెంట్ బిట్‌ను డీమన్‌సెట్‌గా (నోడ్‌కో పాడ్ చొప్పున) పెట్టి ఈ నాలుగు డిఫాల్ట్‌లు మార్చండి:

- రీట్రై లిమిట్ డిఫాల్ట్‌గా 1. అంటే లోకి కాసేపు అందకపోతే ఒక్కసారి మళ్లీ ప్రయత్నించి, ఆ ముక్కను పారేస్తుంది. నో లిమిట్స్ అని పెట్టండి.
- స్టోరేజ్ టైప్ ఫైల్‌సిస్టమ్ చేయండి, దానికి డిస్క్ మీద ఒక హద్దు కూడా పెట్టండి. లేకపోతే బఫరే నోడ్ డిస్క్‌ను నింపి, డిస్క్ ప్రెషర్ వచ్చి, క్యూబ్‌లెట్ మీ పాడ్‌లను తోసేస్తుంది.
- టెయిల్ ఇన్‌పుట్‌కు డీబీ ఫైలు ఇవ్వండి. ఎక్కడిదాకా చదివిందో అందులో గుర్తుంటుంది. లేకపోతే ఫ్లూయెంట్ బిట్ మళ్లీ లేచినప్పుడు కొన్ని లైన్లు పోతాయి లేదా రెండుసార్లు వస్తాయి.
- రిఫ్రెష్ ఇంటర్వెల్ డిఫాల్ట్‌గా 60 సెకన్లు. అరనిమిషంలో పని ముగించుకుని మాయమయ్యే జాబ్‌లుంటే 5 సెకన్లకు తగ్గించండి.

కంట్రోల్ ప్లేన్ నోడ్‌ల (క్లస్టర్‌ను నడిపించే నోడ్‌ల) మీద మామూలు పాడ్‌లను రానివ్వని టెయింట్ ఉంటుంది కాబట్టి, దాన్ని దాటనిచ్చే టాలరేషన్ రాయండి. రాయకపోతే ఆ నోడ్‌ల లాగ్‌లే రావు.

పైలం, లేబుళ్ల దగ్గర జాగ్రత్త. లోకి ఇండెక్స్ చేసేది లేబుళ్లనే. ఒక్కో లేబుల్ కలయికకు ఒక్కో స్ట్రీమ్ (విడి లాగ్ వరుస) తయారవుతుంది. లేబుళ్లుగా నేమ్‌స్పేస్, యాప్, ఎన్విరాన్‌మెంట్, స్థాయి, అంతే. టోకెన్ నంబర్‌నో ట్రేస్ ఐడీనో లేబుల్ చేస్తే బండికో స్ట్రీమ్ పుట్టి, లోకి రెండు రోజుల్లో చేతులెత్తేస్తుంది. అవి లైనులోనే ఉండనివ్వండి, లేదా లోకి 3 నుంచి డిఫాల్ట్‌గా ఉన్న స్ట్రక్చర్డ్ మెటాడేటాలో పెట్టండి. క్యూబర్నెటిస్ లేబుళ్లన్నిటినీ తనంతట తానే తగిలించే ఆప్షన్ ఫ్లూయెంట్ బిట్‌లో ఉంది, దాన్ని ఆపే ఉంచండి.

6. ఎన్నాళ్లు ఉంచాలో లెక్క కట్టండి

సగటు లైన్ 500 బైట్లు, సెకనుకు 100 లైన్లు అనుకుంటే రోజుకు 4.32 జీబీ, 30 రోజులకు 130 జీబీ. కుదించకముందు లెక్క ఇది. మీ అంకెలు వేసుకుని చూడండి.

సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లను 180 రోజులు, మన దేశ పరిధిలో ఉంచాలి. పై లెక్కలో అది 778 జీబీ అవుతుంది. అందుకే ముంబై, హైదరాబాద్ రీజియన్ అన్నాను. అన్నీ 180 రోజులూ గ్రఫానాలో వెంటనే వెతకగలిగేలా ఉండనక్కర్లేదు. మేం 30 రోజులు లోకిలో ఉంచి, మొత్తాన్ని చవక స్టోరేజ్‌లో ఇంకో కాపీగా పెడతాం. మీ సంస్థకు ఏం వర్తిస్తుందో మీ కంప్లయన్స్ చూసేవాళ్లతో ఒక మాట ఖాయం చేసుకోండి.

తప్పులు జరిగేది ఇక్కడ: లోకిలో రిటెన్షన్ పీరియడ్ రాసినంత మాత్రాన పాతవి తుడిచిపెట్టుకుపోవు. పాతవి తుడిచే భాగమైన కంపాక్టర్‌లో రిటెన్షన్ ఎనేబుల్డ్‌ను ట్రూ చేయాలి, డిలీట్ రిక్వెస్ట్ స్టోర్ కూడా చెప్పాలి. లోకి బదులు అమెజాన్ క్లౌడ్‌వాచ్ వాడేవాళ్లు ఇంకా జాగ్రత్తగా చూడాలి. అక్కడ లాగ్ గ్రూప్‌కు డిఫాల్ట్ గడువే లేదు, మీరు పెట్టేదాకా బిల్లు పెరుగుతూనే ఉంటుంది.

7. నిజంగా పనిచేస్తోందా? పరీక్షించండి

గ్రఫానాలో నాలుగు లైన్లు కనబడగానే అయిపోయిందని లేవకండి. ఈ పరీక్షలు చేశాకే లేవండి.

మొదటిది లెక్క. నోడ్‌లెన్నో ఫ్లూయెంట్ బిట్ పాడ్‌లు అన్నే ఉండాలి. ఒకటి తక్కువుంటే ఆ నోడ్ మీద లాగ్ రావట్లేదు.

రెండోది వెయ్యి లైన్ల పరీక్ష. 1 నుంచి 1000 వరకు నంబర్లు ముద్రించే చిన్న పాడ్ నడపండి. తర్వాత దాన్ని తీసేయండి. రెండు నిమిషాలాగి లోకిలో కౌంట్ ఓవర్ టైమ్‌తో లెక్కించండి. సరిగ్గా 1000 రావాలి. 997 వస్తే మూడే కదా అనుకోకండి, మీకు కావాల్సిన లైన్ ఆ మూడింటిలోనే ఉండొచ్చు. లెక్కకు గ్రఫానా తెర మీది లైన్లను నమ్మకండి, ఎక్స్‌ప్లోర్ పేజీ డిఫాల్ట్‌గా 1000 లైన్ల దగ్గరే ఆగుతుంది. రెండువేలు పోయినా వెయ్యే చూపిస్తుంది.

మూడోది, లోకిని పది నిమిషాలు ఆపి, ఆ సమయంలో ఇంకో వెయ్యి లైన్లు రాయించండి. లోకిని లేపాక ఆ వెయ్యీ చేరాలి. చేరకపోతే అయిదో మెట్టులోని రీట్రై, ఫైల్‌సిస్టమ్ సెట్టింగ్‌లు మళ్లీ చూడండి. ఫ్లూయెంట్ బిట్‌లో హెచ్‌టీటీపీ సర్వర్ ఆన్ చేస్తే 2020 పోర్టు మీద ఎన్ని ముక్కలు పంపింది, ఎన్ని పారేసింది అన్న లెక్కలన్నీ ఇస్తుంది.

నాలుగోది మనిషితో చేసేది. ఆ కోడ్ రాయనివాళ్లను ఒకరిని కూర్చోబెట్టండి. ఒక టోకెన్ నంబర్ చెప్పి, "ఈ బండికి మెసేజ్ ఎందుకు పోలేదు?" అని అడగండి. ఆ ఒక్క నంబర్‌తో గేటు నుంచి మెసేజ్ దాకా వాళ్లంతట వాళ్లు పోగలగాలి. ఎక్కడ ఆగి మీ మొహం చూస్తారో అక్కడ మీ లాగ్‌లో లోటుంది. రాసిపెట్టుకోండి, వెంటనే సరిచేయండి. మా దగ్గర మొదటిసారి తేమ చూసే సర్వీస్ దగ్గర ఆగారు. అప్పట్లో అక్కడ టోకెన్ బదులు శాంపిల్ నంబరే రాసేవాళ్లం.

8. లాగ్ ఆగితే మీకు కబురు రావాలి

ఎర్రర్లు పెరిగితే అలర్ట్ అందరూ పెడతారు. లాగ్‌లే రావడం ఆగితే అలర్ట్ పెట్టేవాళ్లు తక్కువ. తెర ఖాళీగా ఉంటే అంతా బాగుందనిపిస్తుంది, అదే ప్రమాదం. ముఖ్యమైన ప్రతి సర్వీస్‌కూ లోకి రూలర్‌లో (అలర్ట్‌లు చూసే భాగం) ఆబ్సెంట్ ఓవర్ టైమ్‌తో, పదిహేను నిమిషాలు ఒక్క లైనూ రాకపోతే మోగేలా పెట్టండి. సీజన్ లేనప్పుడు మిల్లులో రాత్రిళ్లు నిజంగానే లాగ్‌లుండవు. అందుకని మేం ప్రతి సర్వీస్ చేత అయిదు నిమిషాలకోసారి "ఉన్నాను" అన్న ఒక లైన్ రాయిస్తాం.

మెమరీ హద్దు దాటిన కంటైనర్‌ను కెర్నెల్ చంపేసినప్పుడు యాప్‌కు చివరి మాట రాసే వీలు కూడా ఉండదు. లాగ్ మామూలుగా నడుస్తూ నడుస్తూ ఆగిపోతుంది. అప్పుడు లాగ్‌లో కారణం వెతకకండి. పాడ్‌ను డిస్క్రైబ్ చేసి ఎగ్జిట్ కోడ్ చూడండి. 137 ఉండి, పక్కన ఓఓఎమ్ కిల్డ్ అని ఉంటే జవాబు దొరికినట్టే. పాడ్ కూడా పోయి ఉంటే, మెమరీ లాంటి కొలతలు దాచే ప్రొమీథియస్‌లో ఆ సమయానికి మెమరీ గీత చూడండి. ప్రొమీథియస్ డిఫాల్ట్‌గా 15 రోజులే దాస్తుంది కాబట్టి సీజన్ ఫిర్యాదులు ఆలస్యంగా వచ్చే మాలాంటివాళ్లు దాన్ని పెంచుకోవాలి.

ఏడో మెట్టులోని నాలుగు పరీక్షలూ మేం ఏడాదికి రెండుసార్లు చేస్తాం. వానాకాలం వడ్లు మిల్లులకు రాకముందు ఒకసారి, యాసంగి కోతలకు ముందు ఇంకోసారి. మీ పనికి రద్దీ ఎప్పుడుంటుందో మీకు తెలుసు. దానికి రెండు వారాల ముందు ఒక పొద్దున దీనికోసం తీసి పెట్టుకోండి.